గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బ: ఈ పరిశోధనకు ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయో పరిశోధన చేస్తానంటోంది. కార్డియాలజీ చదవాలా, నెఫ్రాలజీనా? ఎంబీబీఎస్ కాగానే పీహెచ్‌డీ చేస్తే సరిపోదా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లినవాళ్ల మీద పనిచేయాలనుకుంటే కార్డియాలజీ సరే. ఆపరేషన్ పేషెంట్లే కావాలంటే మాత్రం దాన్ని పక్కన పెట్టేయండి. అక్కడ రాత్రంతా బెడ్ దగ్గర ఉండేది అనస్తీషియా, క్రిటికల్ కేర్ వాళ్లు. కిడ్నీ మొరాయిస్తే పిలిచేది నెఫ్రాలజిస్టుని.

అంటే దారులు రెండు. ఒకటి ఎండీ జనరల్ మెడిసిన్, ఆపైన డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) నెఫ్రాలజీ. రెండోది ఎండీ అనస్తీషియా, ఆపైన డీఎం కార్డియాక్ అనస్తీషియా గానీ క్రిటికల్ కేర్ గానీ. ఎటు వెళ్లినా మూడేళ్లూ మూడేళ్లూ ఆరేళ్లు, మధ్యలో ఎండీకి నీట్ పీజీ, డీఎంకి నీట్ ఎస్‌ఎస్ పరీక్షలు. ఈ ప్రశ్నకైతే నా ఓటు రెండోదానికే. దెబ్బ తగిలేది ఆపరేషన్‌లో గుండె పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషీన్ మీద ఉన్నప్పుడు, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. నెఫ్రాలజిస్టుకి ఫోను వెళ్లేసరికి తరచూ క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో తెలుస్తుంది) పెరిగిపోయి ఉంటుంది. కాకపోతే సొంత ప్రాక్టీసు నెఫ్రాలజీలోనే తేలిక. అనస్తీషియా వాళ్లు ఆసుపత్రినే నమ్ముకోవాలి. ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి.

పీహెచ్‌డీ ఎలుకల మీద, బయోమార్కర్ల (రక్తం, మూత్రంలో జబ్బు జాడ చెప్పే పదార్థాల) మీద ల్యాబ్ పనికి బాగా సరిపోతుంది. పేషెంటుకి ఏ మందు, ఎప్పుడు అని తేల్చే ట్రయల్ నడపాలంటే మాత్రం ఐసీయూలో నిర్ణయం తీసుకునే అర్హత కావాలి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చూడండి. కిడ్నీ జబ్బులకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2012 నాటి నిర్వచనం ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) పెరిగినా, 7 రోజుల్లో 1.5 రెట్లయినా, మూత్రం 6 గంటలపాటు గంటకు కిలోకి 0.5 మి.లీ. కన్నా తగ్గినా కిడ్నీ దెబ్బతిన్నట్టే. వినడానికి సులువు. ఇప్పుడు 60 కిలోల పేషెంటుని తీసుకోండి. ఆపరేషన్‌కి ముందు క్రియాటినిన్ 0.9, మర్నాడు 1.1. పెరిగింది 0.2 కాబట్టి లెక్కలోకి రాడు. కానీ ఒంట్లో 3.6 లీటర్ల ఫ్లూయిడ్ అదనంగా చేరింది. బరువులో 60 శాతం, అంటే 36 లీటర్లు, ఒంట్లో నీరనుకుంటే చేరింది అందులో పదో వంతు, రక్తం ఆ మేరకు పలచబడినట్టే. అందుకే రిపోర్టు అంకెను పదో వంతు పెంచి చూడాలి. 1.1ని 1.1తో గుణిస్తే 1.21. పెరుగుదల 0.31కి చేరింది, దెబ్బ తగిలినట్టే. అదే మనిషి, అదే రిపోర్టు! మూత్రం సంగతి ఇంకా కష్టం. ఇతనికి హద్దు గంటకు 30 మి.లీ. రాత్రి గంటగంటకీ రాయకుండా, తెల్లవారాక మొత్తాన్ని సమానంగా పంచి రాసిన చార్టులో ఆ ఆరు గంటలు కనబడవు. మధ్యలో లాసిక్స్ (మూత్రం ఎక్కువ తెప్పించే మందు) ఇచ్చి ఉంటే ఆ అంకెకు అర్థమే మారిపోతుంది.

ఎండీ థీసిస్‌లో ఎక్కువగా బోల్తాపడేది లెక్కల దగ్గరే. 60 మందిని తీసుకుని పది కారణాలు వెతుకుతారు. నలుగురిలో ఒకరికి దెబ్బ తగిలిందనుకున్నా దొరికేది 15 కేసులు. ఒక్కో కారణానికి కనీసం 10 కేసులుండాలన్న పాత లెక్క ప్రకారం ఒక్క కారణానికి మించి నిలబడదు. 2024లో వచ్చిన ప్రొటెక్షన్ ట్రయల్ చూడండి. ఆపరేషన్ పేషెంట్లకు అమైనో ఆమ్లాలు ఎక్కిస్తే కిడ్నీ దెబ్బ 31.7 శాతం నుంచి 26.9కి తగ్గింది. ఆ ఐదు శాతం లోపు తేడా చూపించడానికి 3,511 మంది కావాల్సొచ్చింది. అందుకే బయోస్టాటిస్టిక్స్‌ని (వైద్య గణాంకాల సబ్జెక్టుని) పరీక్షకు ముందు రోజు చదివేసే సబ్జెక్టులా చూడొద్దని చెప్పండి.

ఇప్పుడే మొదలుపెట్టేవి కొన్ని ఉన్నాయి. హౌస్‌సర్జన్సీకి రాకముందే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఎస్‌టీఎస్‌కి అప్లై చేయాలి, అది విద్యార్థులకిచ్చే రెండు నెలల పరిశోధన ప్రాజెక్టు. ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టొచ్చు కాబట్టి గైడ్‌ని ముందే పట్టుకోవాలి. బోస్టన్ ఆసుపత్రి ఐసీయూ రికార్డులతో తయారైన మిమిక్ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి, విద్యార్థులకు గురువు హామీ కూడా కావాలి. దానికి డేటాను వెలికితీసే ఎస్‌క్యూఎల్, లెక్కలు కట్టే ఆర్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకుంటే చాలు.

వాటికంటే ముందు, వచ్చే సెలవుల్లో అనుమతి తీసుకుని గుండె సర్జరీ ఐసీయూలో ఒక వారం కూర్చుని, ఒక్క పేషెంటు యూరిన్ చార్టు గంటగంటకీ తనే రాసి చూడమనండి. మూడో రోజుకే విసుగొస్తే మీతో దాచకుండా చెప్పమనండి.