ఎస్సార్ ఇప్పుడే తెరిచి చూడమ్మా

చి. సుజాతకు ఆశీస్సులు.

టీచరుగా నీ రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుందని ఊరుకోవద్దమ్మా. నీ పెన్షన్ తేల్చేది ఎస్సార్, అంటే నీ సర్వీసు రిజిస్టరు. ఈ నెలలోనే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి వెళ్లి మొదటి పేజీ నుంచి చదువు. పుట్టిన తేదీ అంకెల్లో, అక్షరాల్లో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు 62 నిండేముందు నెల ఆఖరి రోజునే దిగిపోతారు.

తర్వాత ఏటేటా 'సర్వీసు వెరిఫై చేయబడింది' అని డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) సంతకం, ముద్ర ఉన్నాయా చూడు. బదిలీ అయిన ఏడాదే ఇది ఎక్కువగా తప్పిపోతుంది. పాత మండలం వాళ్లు కొత్తవాళ్లు రాస్తారులే అనుకుంటారు, కొత్తవాళ్లు అక్కడే రాసుంటారనుకుంటారు. ఖాళీ కనిపిస్తే పాత మండలానికే వెళ్లి పే బిల్లులు తీయించి రాయించుకో. ఒకే పోస్టులో పన్నెండేళ్లు నిండితే ఇచ్చే స్కేలు రాసిన చోట ప్రమోషన్ అర్హతలు, పాసైన టెస్టుల వివరం ఎక్కకపోతే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, రికవరీ పెడతారు.

సెలవు ఖాతా మన టీచర్లు అసలు పట్టించుకోరు. నాకు బాధ కలిగించేది అదే. వెకేషన్ ఉద్యోగం కాబట్టి ఏడాదికి ఆరు ఈఎల్సే (ఆర్జిత సెలవులు). వేసవి సెలవుల్లో ఎన్నికలకో, జనగణనకో పిలిస్తే ఈఎల్స్ అదనంగా జమవుతాయి. కానీ ప్రొసీడింగ్స్ (ఉత్తర్వులు) వచ్చి ఖాతాలో ఎక్కితేనే. డ్యూటీ సర్టిఫికెట్ బీరువాలో ఉంటే లాభం లేదు. రిటైరైనప్పుడు 300 రోజుల వరకూ నగదు ఇస్తారు. ఈఎల్స్ చాలకపోతే మిగిలిన రోజులకు హాఫ్ పే లీవు కలుపుతారు, అదీ ఖాతాలో లెక్క తేలి ఉంటేనే.

జెడ్పీపీఎఫ్ (జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండ్) స్లిప్పులో ఏ నెలైనా జమ కాకపోతే ఆ నెల షెడ్యూలు కాపీ, వోచరు నంబరు పట్టుకుని బందరు (మచిలీపట్నం) వెళ్లాలి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయినా మన జెడ్పీ అక్కడే ఉంది.

మండల పరిషత్ టీచర్ల పెన్షన్ ప్రతిపాదనలు జిల్లా ఆడిట్ అధికారికి, గవర్నమెంటు బడుల వాళ్లవి ఏజీకి (అకౌంటెంట్ జనరల్) వెళ్తాయి. జాయింట్ ఫొటో, కుటుంబ సభ్యుల జాబితా, నామినేషన్లు, బకాయిలు లేవనే నో డ్యూస్ పత్రం ఆరు నెలల ముందే సిద్ధం చేసుకో. గ్రాట్యుటీ పరిమితి 16 లక్షలు. కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒకేసారి డబ్బు, 40 శాతం వరకూ తీసుకోవచ్చు, అందుకు నెలనెలా పెన్షన్‌లో పడే కోత 15 ఏళ్లకు పోతుంది.

మీ బడిలో 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరిన, కొత్త పెన్షన్ పథకం (సీపీఎస్) కిందకొచ్చే చిన్నవాళ్లకు ఒక్క మాట చెప్పు. తమ 10 శాతంతో పాటు ప్రభుత్వం వాటా కూడా ప్రాన్‌లో (వాళ్ల పెన్షన్ ఖాతా నంబరు) పడుతోందో లేదో నెలనెలా చూసుకోమను.

యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్టీయూ టీచర్ల సంఘాల్లో నువ్వు ఎందులో ఉన్నా మండల బాధ్యుల్ని కలువు. డీఏ బకాయిలు, పీఆర్సీ (జీతాల సవరణ) లాంటివి ఒంటరిగా ఎవరికీ సాధ్యం కావు, వాళ్లే పోరాడాలి. నీ సొంత పనికి మాత్రం నోటిమాటగా వెళ్లకు. దరఖాస్తు నకలు, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ చేతికిస్తే వాళ్లు గట్టిగా అడగగలుగుతారు.

చదివేటప్పుడే ఎస్సార్ ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. సెలవు ఖాతా ముందు చూస్తాను.

నీ బాబాయి