తలనొప్పి సల్ఫైట్ల వల్లేనా?

“అక్కా, ఇక్కడి వైన్‌లో కెమికల్స్ కలుపుతారట. శుక్రవారం తాగితే శనివారమంతా తల పగిలిపోతోంది. ఇంట్లోనే చేసుకుంటే ఈ గోల ఉండదు కదా?”

పోయిన నెల మా ఇంటికి భోజనానికొచ్చిన కుర్రాడు అడిగాడు. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. సీసా వెనక ‘కంటెయిన్స్ సల్ఫైట్స్’ అన్న ముక్క చూసి బెదిరిపోయాడు. ఇరవై ఏళ్ల కిందట న్యూజెర్సీలో దిగిన కొత్తలో నాకూ అదే బెదురు.

సల్ఫైట్లంటే వైన్ పాడవకుండా కాపాడే సల్ఫర్ పదార్థాలు. అవి లీటరుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఆ ముక్క వేయాలన్నది అమెరికాలో 1987 నుంచి ఉన్న రూలు. అసలు ఏమీ కలపకపోయినా, ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్టే కొంత సల్ఫైట్ పుట్టిస్తుంది. ఇటలీ ట్రిప్పుకెళ్లొచ్చిన వాళ్లు “అక్కడి వైన్‌కి తలనొప్పే రాలేదు” అంటారు. అక్కడా వేస్తారు, 2005 నుంచి సీసా మీద రాస్తున్నారు కూడా. రోజంతా నడిచి, భోజనం చేస్తూ మెల్లగా తాగితే ఎక్కడైనా అంతగా రాదు!

పైగా మామూలుగా రెడ్‌లో కన్నా వైట్‌లోనే సల్ఫైట్లు ఎక్కువ. మనవాళ్ల ఫిర్యాదంతా రెడ్ మీదే. పాయసంలో వేసే బంగారు రంగు కిస్‌మిస్, ఎండబెట్టిన ఆప్రికాట్ల ప్యాకెట్ తిప్పి చూడండి, సల్ఫర్ డయాక్సైడ్ అని ఉంటుంది. అవి గుప్పెడు తిన్నా ఏమీ కాని వాళ్లు వైన్‌లో సల్ఫైట్‌ని ఆడిపోసుకోనక్కర్లేదు. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి వేరు. కొందరికి నిజంగానే పడదు, ఊపిరాడనివ్వదు. వాళ్లు ఇలాంటి ప్రయోగాలు చేయొద్దు.

మరి రెడ్‌తోనే ఎందుకు? ద్రాక్ష తొక్కలో క్వెర్సెటిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంట్లో మారిన రూపం, మద్యాన్ని విరిచే ఎంజైమ్‌కి అడ్డుపడుతుందని 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు ల్యాబ్ పరీక్షలో చూపించారు. మనుషుల మీద ఇంకా తేలాల్సిన సంగతి. ఎలర్జీ లక్షణాలు తెచ్చే హిస్టమిన్లనీ అనుమానిస్తారు.

నాకు మాత్రం మొదటి అనుమానం కప్పు మీదే. వైన్‌లో ‘ఒక డ్రింక్’ అంటే 5 ఔన్సులు, దాదాపు 150 మిల్లీలీటర్లు. పార్టీల్లో ఇచ్చే ఎర్ర ప్లాస్టిక్ కప్పు సగానికి పోస్తేనే 8 దాటుతుంది. కుర్రాణ్ణి అడిగితే రెండు కప్పులన్నాడు, అదీ బిర్యానీ రాకముందు, ఖాళీ కడుపున. ఇంట్లో చేసినా అది ఆల్కహాలే కదా నాయనా! ఇంకోటి, సూట్‌కేసులో తెచ్చుకున్న మందులతో జాగ్రత్త. తాగాక పారాసెటమాల్ మింగితే లివర్‌కి మంచిది కాదు. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ నడుస్తుంటే చుక్క కూడా వద్దు.

సరదాకైతే చేసుకోండి. 1978 చట్టం ప్రకారం ఇంట్లో ఒక పెద్దవారుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరుంటే 200 దాకా ఫెడరల్ అభ్యంతరం లేదు. మీ రాష్ట్రం రూలు కూడా చూసుకోండి. అమ్మకూడదు. సారాలా కాచడం మాత్రం నేరం, ఆ ఊసే ఎత్తొద్దు.

ఆవకాయకి తడి తగలనివ్వనంత పట్టింపు ఇక్కడా ఉండాలి, సీసా నుంచి గరిటె దాకా అన్నీ శానిటైజర్‌తో కడగాల్సిందే. గాలన్ ద్రాక్ష జ్యూస్‌కి ఓ కప్పు పంచదార కలిపితే హైడ్రోమీటర్ (రసం ఎంత చిక్కగా ఉందో చూపే తేలే గొట్టం) 1.090 దగ్గర తేలుతుంది. నురుగు పొంగుతుంది కాబట్టి పైన కాస్త ఖాళీ ఉంచి, వైన్ ఈస్ట్ వేసి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టండి. హైడ్రోమీటర్ 0.995 దగ్గర రోజుల తరబడి కదలకుండా నిలబడితే పులవడం అయినట్టు, ఆల్కహాల్ దాదాపు 12 శాతం. మడ్డి కదపకుండా పైతేట వేరే సీసాలోకి తీసి, గాలన్‌కి ఒక కాంప్డెన్ మాత్ర పొడి చేసి వేస్తాను. అదీ సల్ఫైటే! వేయకపోతే కొన్ని నెలలకే రంగు మారి, పులిసిన వాసన కొడుతుంది.

హైడ్రోమీటర్ కొనకముందు నేను బుడగలు తగ్గాయి కదా అని సీసాలకి మూతలు బిగించి అల్మారాలో పెట్టాను. మూడో వారం, రాత్రి రెండింటికి ఢామ్మని రెండు పేలాయి. అద్దె అపార్ట్‌మెంట్, లేత గోధుమరంగు కార్పెట్. ఆ ఊదా మరక వెనిగర్‌కీ పోలేదు, సోడాకీ పోలేదు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోసేశారు.

రుచి చూసి కారు తాళాలు మాత్రం తీయకండి. వీసా మీద ఉన్నవాళ్లకి డీయూఐ (తాగి బండి నడపడం) అరెస్టు ఒక్కటి చాలు, కోర్టులో తేలకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది.

కుర్రాడికి నా పాత గాజు సీసా, ఎయిర్‌లాక్ ఇచ్చి పంపాను. మొన్న ఫోన్: “అక్కా, నాలుగు రోజులైంది, ఒక్క బుడగ రావట్లేదు.” జ్యూస్ డబ్బా వెనక చదవమన్నాను. కాసేపు చప్పుడు లేదు. “పొటాషియం సార్బేట్ అని ఉందక్కా.” ఈస్ట్‌ని పెరగనివ్వనిది అదే. వైన్ సీసా లేబుల్ అంత శ్రద్ధగా చదివినవాడు, జ్యూస్ డబ్బా అసలు తిప్పే చూడలేదట.