రెడ్ హ్యాట్ 7.3లో యూఎస్‌బీ మౌస్: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొట్లో లెక్కలు చూసే పాత కంప్యూటర్‌కు ఉన్న గుండ్రటి పిన్నుల మౌస్ పాడైపోయిందనీ, అలాంటిది బజార్లో దొరక్క యూఎస్‌బీ మౌస్ కొనుక్కొచ్చి పెడితే తెర మీద బాణం అంగుళమైనా కదలడం లేదనీ రాశావు. బిల్లింగ్ ప్రోగ్రాం ఆ రెడ్ హ్యాట్ 7.3 అనే లినక్స్ సిస్టమ్ మీదే నడుస్తోంది కనుక దాన్ని తీసేసి కొత్తది వేయడానికి మీ నాన్న ఒప్పుకోరు. ఆయన మాట సబబే. 2002 మే నెలలో వచ్చిన ఆ సిస్టమ్‌లో 2.4.18 కర్నల్ ఉంది. కర్నల్ అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం. యూఎస్‌బీకి కావలసిన డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాంలు, 2001 జనవరిలో విడుదలైన 2.4.0 నుంచే కర్నల్‌లో భాగం. కాబట్టి సిస్టమ్ పాతదైపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది.

కాలవ చివరి చేనుకు నీళ్లు రానప్పుడు తూము దగ్గర్నుంచి చూసుకుంటూ వచ్చినట్టే, దీన్నీ అడుగు నుంచి పైకి చూసుకుంటూ రావాలి. పోర్టును నడిపే కంట్రోలర్, మౌస్‌ను గుర్తుపట్టే డ్రైవర్, ఆ కదలికలు వచ్చి చేరే ఫైలు, ఆ ఫైలును చదివి తెర మీద బాణాన్ని కదిపే ఎక్స్ సర్వర్ అనే గ్రాఫిక్ ప్రోగ్రాం, ఇదీ వరుస. చాలామంది ముందుగా ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు మీద పడి, ఉన్న గ్రాఫిక్ తెరను కూడా పోగొట్టుకుంటారు. కింది మూడూ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా నువ్వు దాని జోలికి వెళ్లవద్దు. కమాండ్లను నేను పలికే తీరులోనే రాస్తున్నాను. నువ్వు మాత్రం రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, లాగిన్ అయి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చెయ్యి. మౌస్ లేకపోయినా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది.

మొదట ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వి అని కొట్టి, యూఎస్‌బీ కంట్రోలర్ అన్న వరుస వెతుకు. దాని చివర యూహెచ్‌సీఐ అనో ఓహెచ్‌సీఐ అనో ఉంటుంది. ఇంటెల్, వయా చిప్‌సెట్లు సాధారణంగా మొదటి రకం. సిస్, ఏఎల్‌ఐ వంటివి రెండో రకం. మీది ఇంటెల్ 810 బోర్డు అన్నావు కనుక 82801ఏఏ అన్న పేరుతో యూహెచ్‌సీఐ కనబడాలి. అసలు ఆ వరుసే లేకపోతే బయోస్‌లో (సిస్టమ్ మొదలవకముందే వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) యూఎస్‌బీని ఆపేసి ఉంచారన్నమాట. అక్కడే ఆన్ చేసి రావాలి. కనబడితే డ్రైవర్‌ను ఎక్కించడానికి మోడ్‌ప్రోబ్ యూఎస్‌బీ-యూహెచ్‌సీఐ అని కొట్టు. 2.4 కర్నల్‌లో ఈ ఒక్క రకం కంట్రోలర్‌కే రెండు డ్రైవర్లున్నాయి, ఒకటి యూఎస్‌బీ-యూహెచ్‌సీఐ, మరొకటి ఉత్త యూహెచ్‌సీఐ. ఒకటి మొరాయిస్తే దాన్ని ఆర్‌ఎంమాడ్‌తో తీసేసి రెండోది వేసి చూడవచ్చు గానీ, రెంటినీ ఒకేసారి ఎక్కించకూడదు.

తరువాత మౌస్‌ను పోర్టులో పెట్టి, కర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్ (డీ ఎం ఈ ఎస్ జీ అని టైపు చెయ్యి) చివరి వరుసలు చదువు. పరికరం కొత్త అడ్రస్‌ను స్వీకరించడం లేదంటూ మైనస్ 110 అన్న సంఖ్య కనిపిస్తే మౌస్‌ను నిందించవద్దు. అది సమయం మించిపోయిందన్న సంకేతం. సాధారణంగా కంట్రోలర్ ఇంటరప్ట్, అంటే ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం, అందకపోవడం వల్లనే వస్తుంది. బయోస్‌లో యూఎస్‌బీకి ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ సంఖ్య) కేటాయించే అంశాన్ని ఎనేబుల్‌గానూ, ప్లగ్ అండ్ ప్లే ఓఎస్ ఉందా అన్న ప్రశ్నకు నో గానూ పెట్టు. అప్పటికీ పోకపోతే కర్నల్‌కు బూట్ సమయంలో నోఏపీఐసీ అన్న మాట అందించి చూడాలి.

ఆ గండం గడిచాక మోడ్‌ప్రోబ్‌తోనే హెచ్‌ఐడీ, మౌస్‌డెవ్ అనే రెండు మాడ్యూళ్లను (కర్నల్‌కు జతచేసే డ్రైవర్ ముక్కలను) ఎక్కించు. యూఎస్‌బీమౌస్ అని ఇంకొకటి కనబడుతుంది. పేరు చూసి ఆశపడవద్దు, హెచ్‌ఐడీ ఉండగా దానితో అవసరం లేదు. ఇప్పుడు /ప్రాక్/బస్/యూఎస్‌బీ/డివైసెస్ అన్న ఫైలును క్యాట్‌తో చూడు. ఆ డైరెక్టరీ ఖాళీగా ఉంటే యూఎస్‌బీడెవ్‌ఎఫ్‌ఎస్ రకంతో అక్కడ మౌంట్ చేసుకోవాలి. మౌస్‌కు సంబంధించిన భాగంలో వేగం 1.5 అనీ, ఐ అక్షరంతో మొదలయ్యే వరుసలో క్లాస్ 03, ప్రోటోకాల్ 02 అనీ ఉంటాయి. 03 అంటే మనిషి చేత్తో వాడే పరికరం, 02 అంటే మౌస్. కీబోర్డుకైతే 01 ఉంటుంది. అదే వరుస కొసన డ్రైవర్ హెచ్‌ఐడీ అని ఉంటే కర్నల్ మౌస్‌ను తన చేతిలోకి తీసుకున్నట్టు. నన్ అని ఉంటే హెచ్‌ఐడీ ఎక్కలేదన్నట్టు.

ఇక అసలు పరీక్ష. ఓడీ మైనస్ టీ ఎక్స్1 అని రాసి, దాని పక్కన /డెవ్/ఇన్‌పుట్/మైస్ అని ఇచ్చి, మౌస్‌ను అటూ ఇటూ కదుపు. మూడేసి బైట్ల చొప్పున సంఖ్యలు వస్తాయి. కుడివైపు జరిపితే మొదటి బైట్ 08, ఎడమవైపు జరిపితే 18, కదపకుండా ఎడమ బటన్ నొక్కితే 09. ఓడీ పదహారు బైట్లు పోగయ్యాకే ఒక వరుస అచ్చు వేస్తుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు కదపాలి. సంఖ్యలు రాకుండా అలాంటి ఫైలే లేదన్న సందేశం వస్తే ఎంకేనాడ్‌తో ఆ ఫైలును క్యారెక్టర్ రకంగా, 13, 63 సంఖ్యలతో సృష్టించుకో. అలాంటి పరికరమే లేదన్న సందేశం వస్తే మాత్రం ఫైలు ఉన్నట్టే, మౌస్‌డెవ్ ఎక్కలేదన్నమాట. రెండు సందేశాలూ పైకి ఒకేలా ఉంటాయి కనుక ఆఖరి మాటను జాగ్రత్తగా చదువు.

సంఖ్యలు పరుగెత్తాయంటే ఇక మిగిలింది చిన్న పనే. /ఈటీసీ/ఎక్స్11 లోని ఎక్స్ఎఫ్86కాన్ఫిగ్-4 ఫైలుకు నకలు తీసిపెట్టి, ఇన్‌పుట్ డివైస్ భాగంలో మౌస్‌కు చెందినచోట డివైస్ విలువను /డెవ్/ఇన్‌పుట్/మైస్‌గా మార్చు. ప్రోటోకాల్ అన్నచోట యూఎస్‌బీ అని రాయాలనిపిస్తుంది, రాయవద్దు. ఏ మౌస్ పెట్టినా మౌస్‌డెవ్ పైవాళ్లకు పీఎస్/2 భాషలోనే చెబుతుంది కనుక అక్కడ ఉండవలసింది ఐఎంపీఎస్/2. నడిమి చక్రం పనిచేయడానికి జెడ్‌యాక్సిస్‌మ్యాపింగ్‌కు 4 5 ఇవ్వు. ఈ ఫైలును వాడటంలో ఒక సుఖం ఉంది: మౌస్‌డెవ్ ఎక్కి ఉన్నంతకాలం మౌస్ ఊడిపోయినా ఎక్స్ పడిపోదు, మళ్లీ పెట్టగానే బాణం కదులుతుంది. ఆ పాత గుండ్రటి పోర్టుకు ఈ సౌఖ్యం లేదు. మీ కీబోర్డు ఇంకా దానిలోనే ఉంది కాబట్టి కంప్యూటర్ ఆన్‌లో ఉండగా దాన్ని పీకవద్దు.

రేపు పొద్దున కొట్టు తెరిచేసరికి ఇదంతా దానంతటదే జరగాలంటే, /ఈటీసీ/మాడ్యూల్స్.కాన్ఫ్‌లో యూఎస్‌బీ-కంట్రోలర్ అన్న ఏలియాస్‌కు (మారుపేరుకు) నీకు పనిచేసిన డ్రైవర్ పేరు ఉండాలి. బూట్ అయ్యేటప్పుడు మౌస్ పెట్టి ఉంటేనే రెడ్ హ్యాట్ మిగతా మాడ్యూళ్లను ఎక్కిస్తుంది, అందుకని బూట్ చివర నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైలు కొసన హెచ్‌ఐడీ, మౌస్‌డెవ్‌లకు మోడ్‌ప్రోబ్ వరుసలు చేర్చిపెట్టు.

యూఎస్‌బీ మౌస్‌ను పాత గుండ్రటి పోర్టుకు తగిలించే ఆకుపచ్చ కన్వర్టర్ పిన్ను కొంటే సరిపోదా అని అడిగావు. రెండు పద్ధతులూ తెలిసిన చిప్ మౌస్ లోపల ఉంటేనే అది పనిచేస్తుంది, కొత్త మౌస్‌లలో చాలావాటికి ఆ చిప్ ఉండదు, డబ్బు దండగ. నోఏపీఐసీ ఇచ్చాక కూడా మైనస్ 110 వదలకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వి చూపినదంతా కాగితం మీద ఎక్కించి పంపు, ఆ ఇంటరప్ట్ సంఖ్యను ఇంకే కార్డు పంచుకుంటోందో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య