పాఠకుల ప్రశ్నలు: పరుగు, ప్రార్థన, మాత్రలు

ప్రశ్న: మా వారి వయసు 43. చాలా ఏళ్ళ తాగుడు తరువాత డీ-అడిక్షన్ సెంటరులో చికిత్స పొంది ఇంటికి వచ్చి నాలుగు నెలలయింది. మా కాలనీలోని చర్చివారు తాగుడు మానినవారిని తెల్లవారుజామున పోగుచేసి, చిన్న ప్రార్థన తరువాత అందరూ కలిసి పరుగు తీసే బృందం ఒకటి నడుపుతున్నారు. మేము హిందువులమైనా ఆయన అందులో చేరారు. చర్చివాళ్ళతో తిరగడమెందుకు, కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే చాలదా అని మా అత్తగారు అంటున్నారు. పరుగూ ప్రార్థనా ఉండగా ఇంకా మాత్రలెందుకని ఆయన అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
ఒక సోదరి, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి చెబుతాను, తక్కినవి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. ఆయన వాడుతున్నది మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందు అయితే, దానిని మానేసిన తరువాత కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఒంట్లో ఉండవచ్చు. ఆ వ్యవధిలో మద్యం తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నాల్ట్రెక్సోన్ అయితే అది తాగాలన్న కోరిక తీవ్రతను తగ్గించే మందు కనుక, మానేసిన మర్నాడు ఏ తేడా కనిపించక, ఇక అవసరం లేదన్న ధీమా కలుగుతుంది. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. వ్యాయామం కోరికను కొంతసేపు తగ్గిస్తుందని అధ్యయనాలు చూపించాయి గాని, దానితోనే ఏళ్ళ తరబడి మద్యానికి దూరంగా ఉండవచ్చని చెప్పగల గట్టి ఆధారం లేదు.

అలాగని ఆ బృందాన్ని నేను తేలికగా చూడడం లేదు. తాగాలన్న కోరిక చాలామందికి సాయంత్రం, పని దిగి వైన్ షాపు మీదుగా ఇంటికి వచ్చే వేళ పుడుతుంది, పరుగేమో తెల్లవారుజామున. రేపు ఐదింటికల్లా వస్తానని నలుగురికి ఇచ్చిన మాట ఆ వేళ ఆయనను ఇంటి వైపు నడిపిస్తుంది, రానినాడు ఎందుకు రాలేదని ఫోను చేసి అడిగే మనుషులను కూడా సంపాదించి పెడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో క్రెయిగ్ మిచెల్ అనే న్యాయమూర్తి 2012లో స్కిడ్ రో ప్రాంతంలో మొదలుపెట్టిన పరుగుల సంఘంలో, నిలువ నీడ లేనివారూ వ్యసనం నుండి కోలుకుంటున్నవారూ ఆయనతో కలిసి పరుగెత్తుతారు. శిక్ష వేసే హోదాలో ఉన్న మనిషి పక్కనే పరుగెత్తుతుంటే కలిగే గౌరవం మందుల చీటీలో దొరకదు.

మాల విషయంలో మీ అత్తగారిది మంచి ఆలోచనే, కాని సగమే. దీక్ష ఉన్న 41 రోజులూ చుక్క ముట్టనివారు మన వీధుల్లో ఎందరో ఉన్నారు; మాల తీసిన రాత్రే సీసా తెరిచేవారూ ఉన్నారు. మొక్కుకు ముగింపు తేదీ ఉంది, వ్యసనానికి లేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టిన, తాగుడు మానదలచినవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు ఈ ఒక్కరోజు తాగను అని మాత్రమే అనుకోమంటారు, అందులోని కిటుకు ఇదే. ఆయన మాల వేసుకోదలచుకుంటే నిక్షేపంగా వేసుకోవచ్చు, కాని విరమణ మర్నాటి ఉదయం ఎవరితో పరుగుకు వెళ్ళాలో, ఆ సాయంత్రం ఎక్కడ ఉండాలో దీక్షలో ఉండగానే నిర్ణయించుకోవాలి.

ఇక మతం. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు తాగుడు మానడానికి పాటించే పన్నెండు మెట్లలోనే దేవుణ్ణి ఎవరికి అర్థమైన రీతిలో వారు తలచుకోవచ్చునని ఉంది. కాళ్ళతో భక్తి చేయడం మనకూ కొత్త కాదు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, కోరిక తీరాక 108 చేసేవారిని మీ అత్తగారూ చూసే ఉంటారు. చర్చివారి ప్రార్థన జరిగేటప్పుడు ఆయన తన దేవుణ్ణి తలచుకుంటానంటే వారు ఒప్పుకుంటారేమో అడగండి. అందుకు ఒప్పుకోక, చేరికకు మతమార్పిడిని షరతుగా పెడితే మరో బృందాన్ని వెతుక్కోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మరువకండి. ఎక్కువకాలం తాగినవారిలో గుండె కండరం బలహీనపడవచ్చు, పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు, అప్పుడు బొబ్బ లేచినా తెలియదు. డాక్టరు చూసి, అవసరమైన పరీక్షలు చేసి సరేనన్నాకే పరుగు సాగించాలి. మోకాలు వాచినా ఆగకుండా పరుగెత్తడం, ఒక పూట తప్పితే ఇంట్లో చిరాకుపడటం మొదలైతే, పాత వ్యసనం స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటున్నదేమో డాక్టరుతో మాట్లాడవలసిందే.

ప్రశ్న: మా అన్నయ్య రోజూ కల్లు కాంపౌండుకు వెళ్ళేవాడు. నిన్నటి నుండి మానేశానని, రేపటి నుండి నాతో ఇందిరా పార్కులో పరుగెత్తుతానని దేవుడి పటం ముందు ప్రమాణం చేశాడు. చేతులు వణుకుతున్నాయి. తీసుకువెళ్ళవచ్చా?
ఒక పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: పార్కుకు కాదు, ఈరోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మన నగరంలో అమ్మే కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది ఎన్నో దాడులలో బయటపడిన విషయం. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు ఉన్నట్టుండి మానితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. మద్యం మానినవారికి సైతం మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుండి నాలుగు రోజుల మధ్య ప్రాణాంతకమైన మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది. ప్రమాణం మంచిదే, దానిని డాక్టరు పర్యవేక్షణలో నిలబెట్టుకోనివ్వండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా 108కి ఫోను చేయండి. వణుకు పూర్తిగా తగ్గి డాక్టరు అనుమతించాక, మొదటి కొన్ని వారాలు పరుగు కాకుండా నడకకే తీసుకువెళ్ళండి.