ఆ స్టార్ ఎవరిది?

ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి రిటైరైన పంతులమ్మ, పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ప్రతి శుక్రవారం సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చే వారం పాఠాలు, హోంవర్కు జాబితా పెడతారు. ఆ వెంటనే ‘ఏ పేజీ?’, ‘చార్టు ఏ రంగు?’ అంటూ వందకు పైగా మెసేజీలు. మొన్న ఆదివారం రాత్రి పదింటికి ఎవరో గుర్తు చేశారు, తెల్లారితే నీటి చక్రం మోడల్ తీసుకెళ్లాలని. వాడు అప్పటికే నిద్రపోయాడు. నేను పన్నెండున్నర దాకా థర్మాకోల్ కోస్తూ కూర్చున్నాను. దానికి స్టార్ ఇచ్చారు. ఆ స్టార్ నాదా, వాడిదా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీదేనమ్మా, అనుమానమెందుకు? ఫ్రిజ్ మీద అతికించుకోండి.

నవ్వులాటకి అన్నాను గానీ, పిల్లలకు ఇలాంటి పనులు ఇచ్చిన పాపం నాకూ ఉంది. ఒక ఏడాది మూడో తరగతికి ‘మన ఊరి పంటలు’ చార్టు చేసుకు రమ్మన్నాను. ముప్పై నాలుగు మందిలో ఇరవై మంది చార్టులు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఆరా తీస్తే, బడి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయన బొమ్మలు ప్రింటు తీసి, అంటించి, కింద పేర్లు కూడా రాసి ఒక్కోటి నలభై రూపాయలకు అమ్మాడట. ఒక్క పిల్లవాడు మాత్రం పాత క్యాలెండరు వెనక వైపు నాలుగు కందికాయలు, గుప్పెడు మినుములు, ఎండిన పత్తికాయ ఒకటి అన్నం మెతుకులతో అంటించి తెచ్చాడు. మధ్యాహ్నానికి చీమలు పట్టాయి. అయితేనేం, కంది ఎప్పుడు విత్తుతారో, పత్తికి ఎన్నిసార్లు మందు కొడతారో గడగడా చెప్పాడు. నలభై రూపాయల చార్టుల వాళ్లలో సగం మందికి వాళ్ల చార్టు మీద ఉన్న పేర్లు చదవడమే రాలేదు. ఆ ఏడాదితో ఇంటికి చార్టు పని ఇవ్వడం మానేశాను. చేయిస్తే బడిలోనే, నా కళ్ల ముందే.

మీకు ఒక సంగతి తెలిసి ఉండాలి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో బ్యాగు బరువుతో పాటు హోంవర్కు సంగతి కూడా ఉంది. రెండో తరగతి దాకా అసలు ఇవ్వకూడదు. మూడు, నాలుగు, అయిదు తరగతులకు రెండు గంటలు మించకూడదు. రోజుకు కాదు, వారానికి! ఆ లెక్కన మీ బాబు వారం కోటా మీరొక్క రాత్రిలో వాడేసి, పైన ఇంకో అరగంట అప్పు పెట్టారు.

అలాగని ఆ కాగితం పట్టుకుని బడి మీదికి వెళ్లమనడం లేదు. శుక్రవారం జాబితా రాగానే బాబును పక్కన కూర్చోబెట్టుకుని వాడి చేతే చదివించండి. వాడి రాతలోనే ఒక కాగితం మీద ఎక్కించుకోనివ్వండి. ఆ తర్వాత గ్రూపును మ్యూట్ చేసేయండి. ఆ వంద మెసేజీల్లో పనికొచ్చేవి రెండుంటే గొప్ప. వాడికి చేతనైనంత చేశాక డైరీలో రాయండి: ‘మేడమ్, బాబు ఇంతవరకు సొంతంగా చేశాడు. నలభై నిమిషాలు పట్టింది. అక్కడ ఆపేశాం.’ టీచరుకు కావలసిన కబురు అదే. నున్నగా కోసిన థర్మాకోల్ చూసి ఆవిడకు తెలిసేదేముంటుంది, మీ చేతి పనితనం తప్ప? ఇదే మాట గ్రూపులో పెడితే మాత్రం పదిమంది వంత పాడతారు, ఆవిడ ముడుచుకుపోతుంది. పైగా ఆ జాబితా ఆవిడ సొంతంగా రాసిందో, మేనేజ్‌మెంటు చేతికిచ్చి పెట్టమన్నదో మనకేం తెలుసు?

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. పాప రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. శనివారం ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. నేను తెలుగులో ఏడు వరకే చదివాను. పక్కింటివాళ్లతో చదివించుకోవాలంటే నామోషీ. మీటింగుకు వెళ్లాలన్నా జంకుగా ఉంటుంది.
– నంద్యాల

జవాబు: నామోషీ మీకెందుకండీ? ఇంట్లోవాళ్లకు రాని భాషలో కబురు పంపినవాళ్లకు ఉండాలి. విద్యాహక్కు చట్టం, 2009లో 24వ సెక్షన్ చూడండి. టీచరు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా కూర్చుని హాజరు, చదువు, ప్రగతి చెప్పాలని ఉంది. చెప్పడమంటే మీకు తెలిసేలా చెప్పడమే కదా. ‘తెలుగులో రెండు ముక్కలు వాయిస్ మెసేజ్ పెట్టండి మేడమ్’ అని అడగండి. సవారీకి సవారీకి మధ్య వినొచ్చు.

మా రోజుల్లో కాగితాలూ లేవు, ఫోన్లూ లేవు. శనివారం ఆఖరి పీరియడ్‌లో బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవాళ్లు. చూచిరాత కూడా అయిపోయేది. ఒక పిల్ల పాత నోట్సు నా దగ్గరే ఉండిపోయింది. అందులో ఒక శనివారం ఇలా ఉంది:

‘ఈ వారం నేర్చుకున్నవి: కిలో, అరకిలో, పావుకిలో. ఏడో ఎక్కం.
ఇంట్లో: కూరగాయలకు వెళ్తే నన్ను తీసుకెళ్లండి. తూకం నేను చూస్తాను.
తేవలసినవి: ఏమీ లేవు.
బుదవారం బడి లేదు.’

‘బుద’ కింద నా ఎర్రసిరా గీత, పక్కన ‘బుధ’. ‘నన్ను తీసుకెళ్లండి’ అని కావాలనే రాయించేదాన్ని, చదవడం రాని అమ్మానాన్నలకు పిల్లలే చదివి వినిపించాలి గనక. ఆ సోమవారం ఈ పిల్లే లేచి నిలబడి, ‘టీచర్, పావుకిలోకి టమోటాలు అయిదొచ్చాయి, ఉల్లిపాయలు మూడే ఇచ్చాడు, మోసం కదా?’ అంది. ఆ రోజు అనుకున్న పాఠం జరగలేదు. మధ్యాహ్న భోజనం వంటమ్మ దగ్గర నుంచి త్రాసు తెప్పించి అదే తూచుకుంటూ కూర్చున్నాం.

మీ పాపకు ఈ తరగతిలో హోంవర్కు ఉండకూడదని పైనే చెప్పాను. మీరూ కొత్తగా పెట్టకండి. ముప్పై రూపాయల సవారీకి వంద నోటిస్తే చిల్లరెంత ఇవ్వాలో సాయంత్రం పూట అడుగుతుండండి, చాలు.

ఇక మీటింగు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెడితే, ఊరుకోలేక మా ఊరి బడికి నేనూ వెళ్లాను. కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లంతా నాన్నలే! మీరు వెళ్లి ముందు కుర్చీలో కూర్చోండి. ‘పాప క్లాసులో నోరు విప్పుతోందా?’ అని ఒక్కటి అడిగి రండి. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాను. మనవరాలు ఫస్ట్ గ్రేడ్. ప్రతి వారం బడి నుంచి వచ్చే కాగితంలో, రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో చదివించి సంతకం పెట్టమని ఉంటుంది. నేను తెలుగు కథ చదివి వినిపిస్తే అది లెక్కలోకి వస్తుందా? సంతకం తెలుగులో పెట్టొచ్చా?
– ఒక తాతయ్య

జవాబు: టీచరుకు అమ్మాయి చేత ఒక ముక్క రాయించి అడగండి మాస్టారూ. ఇంటి భాషలో చదువుతామంటే అక్కడి టీచర్లలో చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. పుస్తకం పేరు తెలుగులోనే రాయండి, అదేం లిపి అని అడిగితే మనవరాలు చెప్పుకుంటుంది. ప్రతి మాటకూ ఆపి ‘అర్థమైందా?’ అని మాత్రం అడక్కండి, రెండో రోజు నుంచి పుస్తకం చూస్తేనే పారిపోతుంది. సంతకం తెలుగులోనే పెట్టండి, పొల్లులు, వత్తులు కనబడేలా.