రెండు మాత్రలకూ పని వేరు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డాక్టర్ రాసిన రెండు మాత్రల్లో ఉదయం వేసుకునే ఎస్సిటాలోప్రామ్ పదిరోజులకే మానేసి, గాభరా ఎక్కువైతేనే వేసుకోమన్న ఆల్ప్రజోలామ్‌ను రోజూ మింగుతున్నావని అక్క చెప్పింది. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులు దెబ్బతిన్న ఏడాది నిద్ర పట్టకపోవడంలో వింత లేదు. కానీ నువ్వు చేస్తున్నది ప్రమాదం. పాలకొల్లులో మందుల షాపు నడిపినన్నాళ్లూ చాలామంది ఇలాగే చిక్కుకోవడం చూశాను.

ఆల్ప్రజోలామ్ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి ఊతమిస్తుంది. అందుకే గంటలోపే గుండెదడ తగ్గుతుంది. వారాల తరబడి వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, పాత మోతాదు చాలదు. ఉన్నట్టుండి ఆపితే ఆందోళన తిరగబెడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోది. అమ్మినప్పుడల్లా రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పాత చీటీ చూపించి తెప్పించుకోవద్దు. అన్నిటికంటే నా భయం వేరు. అర్ధరాత్రి చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూడటానికి కాలువ గట్టు మీద బండి నడుపుతావు. ఆ మాత్ర మత్తులో చెయ్యి, చూపు మందగిస్తాయి. దాని మీద మద్యం తాగితే ఊపిరే ఆగిపోవచ్చు.

ఎస్సిటాలోప్రామ్ మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి, కొందరికి గాభరా పెరగడం కూడా ఉంటాయి. సరిగ్గా అక్కడే జనం మానేస్తారు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రొయ్య పిల్లల్ని వేసిన వారానికే కిలోకు ఎన్ని తూగుతాయో కౌంటు చూడవు కదా! నెమ్మదించాక కూడా మామూలుగా ఆరు నెలలైనా కొనసాగించమంటారు. దీనికి ఆల్ప్రజోలామ్‌లా మోతాదు పెంచుకుంటూ పోయే అలవాటు పడదు. అయినా హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు రావచ్చు. కాబట్టి దీన్నీ మెల్లగానే తగ్గించాలి.

ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. మానేసిన సంగతి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నావో దాచకుండా చెప్పు. రెండు స్ట్రిప్పులూ పట్టుకెళ్లు. ఈలోగా ఆల్ప్రజోలామ్ నీ అంతట నువ్వు ఆపకు, పెంచకు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా 14416కు ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత సేవ. నాకూ చెయ్యి. రాత్రి చెరువు దగ్గరికి కొన్నాళ్లు మీ తమ్ముణ్ణి పంపమని అక్కతో మాట్లాడాను.

మీ మావయ్య