ఉప్పుగాలికి ఏ తలుపు?

ప్రశ్న: మాది విశాఖ పెదవాల్తేరు, సముద్రానికి దగ్గర. వానాకాలం వస్తే వీధి తలుపు ఉబ్బి పట్టేస్తోంది, కింది అంచు పొరలు లేచింది, బందులు తుప్పుపట్టాయి. కొత్తది టేకుదా, ఇనుపదా?

జవాబు: ముందు ద్వారబంధం చూడండమ్మా. గడప దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగకుండా, చెద లేకుండా ఉంటే రెక్క మారిస్తే చాలు. ఇనుము వద్దు. ఎంత రంగు వేసినా, చిన్న గీత పడితే ఉప్పుగాలి అక్కడినుంచే తినేస్తుంది. బాగా ఆరిన టేకు తీసుకుని, బిగించే ముందే పై అంచుకీ కింది అంచుకీ కూడా పాలిష్ పట్టించండి, కంటికి కనబడవని చాలామంది వదిలేస్తారు గానీ చెమ్మ పీల్చేది అక్కడే, మీ పాత తలుపు పాడైందీ అక్కడే కదా. చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉంచమనండి. బందులు, స్క్రూలు ఇత్తడివి లేదా ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి, ఇక్కడ మాత్రం డబ్బు చూసుకోకండి.